చిన్న ఆర్గానిక్ కొట్టుకు సరుకు ఎంపిక: షీట్‌లో వడపోసి చూద్దాం

నమస్కారమండి. హైదరాబాదులో ఏదో ఒక కాలనీలో ఒక చిన్న ఆర్గానిక్ కొట్టు. ఒక గది, మూడు గోడలకు అరలు, ఒక ఫ్రిజ్, అంతే. అందులోకి ఏ సరుకు రావాలి, ఏది రాకూడదు, ఈ రోజు అది చూద్దాం. తెర మీద షీట్ కనిపిస్తోంది కదా. ఖాళీ షీట్ లింకు వీడియో కింద ఇచ్చాను, తెరుచుకుని నాతో పాటే నింపండి.

మొదటి కాలమ్ సరుకు పేరు. తరువాత ఎవరు ఇస్తున్నారు, కొన్న ధర, అమ్మే ధర. టైపు చేసేయండి, ఇందులో చెప్పేదేమీ లేదు. పై వరుసను ఇలా కదలకుండా బిగించండి, కిందికి జరిగినా శీర్షికలు కనిపిస్తాయి. సరుకు దిగిన తేదీ మాత్రం చేత్తో కొట్టకండి. కంట్రోల్ పట్టుకుని సెమికోలన్ నొక్కండి. చూశారా? ఈ రోజు తేదీ పడింది. నాకు చాలా ఇష్టమైన మీట ఇది, బస్తా దిగిన ప్రతిసారీ ఇదే వాడతాను.

లాభం కాలమ్. 100కు కొని 125కు అమ్మితే లాభం 20 శాతం, 25 కాదు, ఎందుకంటే అమ్మిన ధర మీద లెక్క కట్టాలి. ఫార్ములా షీట్‌లోనే ఉంది, కిందికి లాగండి. అయింది.

ఇప్పుడు సర్టిఫికెట్ కాలమ్. ఇక్కడ నెమ్మదిగా వెళదాం. వీడియో ఆపి ఆపి చూసినా ఫరవాలేదు, ఎందుకంటే కొట్టు పరువంతా ఈ ఒక్క కాలమ్‌లో ఉంది.

సరుకు ఇచ్చేవారిని ఆర్గానిక్ సర్టిఫికెట్ ఉందా అని అడిగితే "ఉందండీ, పంపుతాను" అని వాట్సాప్‌లో ఒక పీడీఎఫ్ పంపుతారు. అది రాగానే టిక్కు పెట్టకండి. తెరవండి. నేను ఒక నమూనా తెరుస్తున్నాను, పేర్లు చెరిపేశాను. పైన ఏ పద్ధతి అని ఉందో చూడండి. మన దేశంలో రెండు పద్ధతులు. ఒకటి ఎన్‌పీఓపీ, అంటే జాతీయ సేంద్రియ ఉత్పత్తి కార్యక్రమం, కేంద్ర ప్రభుత్వ ఎగుమతుల సంస్థ అపెడా చూసుకుంటుంది, 2001 నుంచి ఉంది. బయటి సంస్థ వచ్చి తనిఖీ చేస్తుంది. రెండోది పీజీఎస్ ఇండియా, రైతులే బృందంగా చేరి ఒకరి పొలం ఒకరు పరిశీలించుకుంటారు. ఆహార భద్రత చూసే కేంద్ర సంస్థ ఎఫ్ఎస్ఎస్ఏఐ 2017లో తెచ్చిన నిబంధనలు ఈ రెండు పద్ధతులనూ గుర్తిస్తాయి, ప్యాకెట్ మీద కనిపించే జైవిక్ భారత్ అనే సేంద్రియ గుర్తు ఆ నిబంధనల నుంచి వచ్చిందే.

మనం తెరిచినది ఎన్‌పీఓపీ కాగితం. ఇందులో మళ్లీ రెండు రకాలు. స్కోప్ సర్టిఫికెట్, ట్రాన్సాక్షన్ సర్టిఫికెట్. మళ్లీ చెబుతున్నాను, ఎందుకంటే తికమక అంతా ఇక్కడే. స్కోప్ అంటే, ఈ సంస్థ ఫలానా ఫలానా పంటల విషయంలో ధ్రువీకరణ పొందింది అని. ట్రాన్సాక్షన్ అంటే, ఇదిగో ఈ లాటు, ఇన్ని కిలోలు, వీరి నుంచి వారికి చేరింది అని. ఒకటి సంస్థ గురించి చెబుతుంది, ఇంకొకటి సరుకు గురించి చెబుతుంది. మీ ఫోనుకు వచ్చేది సాధారణంగా మొదటిదే.

సరే, స్కోప్ వచ్చింది. మొదటి పేజీ అందంగా ఉంది, ముద్ర ఉంది. అక్కడ ఆగకండి, వెనక జతపరిచిన జాబితాకు వెళ్లండి. ఇదిగో. బియ్యం ఉంది, పెసలు ఉన్నాయి, మినుములు ఉన్నాయి. కందిపప్పు? లేదు. మనం కొనబోయేది కందిపప్పు. కాబట్టి ఈ కాగితం ఎంత నిజమైనదైనా మన సరుకుకు చెల్లదు. ఇంకొక మాట. రైతు దగ్గర కందులు సేంద్రియమే కావచ్చు, కానీ పప్పు ఆడే మిల్లు కూడా ధ్రువీకరణలో ఉండాలి. మామూలు కందులు ఆడిన యంత్రంలోనే ఇవీ పడితే రెండూ కలిసిపోతాయి కదా. అందుకే షీట్‌లో నేను మూడు గడులు పెట్టాను: జాబితాలో ఈ సరుకు ఉందా, గడువు తేదీ ఎప్పుడు, మన లాటు కాగితం వచ్చిందా. మూడూ నిండితేనే అవును అని రాయండి.

పీజీఎస్ అయితే గ్రీన్ అని ఉందో ఆర్గానిక్ అని ఉందో చూడండి. గ్రీన్ అంటే పొలం ఇంకా సేంద్రియానికి మారే దశలో ఉందని. అది తప్పు సరుకు కాదు, కొనేవారికి ఆ సంగతి చెప్పి అమ్మాలి, అంతే. ఏ కాగితమూ లేని, మీరు స్వయంగా వెళ్లి చూసిన రైతు సరుకు ఉంటే ఆర్గానిక్ అనే మాట వాడకండి. ఊరి పేరు రాసి పెట్టండి. సరుకు ఇచ్చేవారి 14 అంకెల ఎఫ్ఎస్ఎస్ఏఐ లైసెన్సు నంబరు ఆ సంస్థ సైటు ఫోస్కోస్‌లో వెతకండి, నిమిషం పని, నేను దాటేస్తున్నాను.

తాండూరు కందిపప్పు గురించి ఒక మాట. 2022లో దానికి భౌగోళిక గుర్తింపు వచ్చింది, రుచి కూడా అంత బాగుంటుంది, తప్పక పెట్టండి. అయితే ఆ గుర్తింపు ఎక్కడ పండిందో చెబుతుంది, ఎలా పండిందో చెప్పదు. ఆర్గానిక్ అర మీద పెట్టాలంటే దానికి వేరే కాగితం కావాలి.

తరువాతి రెండు కాలమ్‌లు: ఎన్ని రోజులు నిలుస్తుంది, ఎన్ని రోజుల్లో అమ్ముడవుతుంది. సేంద్రియ పప్పులకు రసాయన ధూపం వేయరు, అందువల్ల పురుగు త్వరగా పడుతుంది. సజ్జ పిండి కూడా అంతే, గింజలో నూనె ఎక్కువ, ఆడించిన కొద్ది రోజులకే చేదెక్కుతుంది. పిండి వద్దు, సజ్జలే పెట్టండి. గాలి చొరని డబ్బాలు కావాలంటే బేగంబజారు వెళ్లండి, అన్ని కొలతలూ ఒకే వీధిలో దొరుకుతాయి, మూత బిగువు చూసి తీసుకోండి. ఇప్పుడు ఇక్కడ రంగు నియమం పెడుతున్నాను: అమ్ముడయ్యే రోజులు నిలిచే రోజుల్లో సగం దాటితే ఎరుపు. సగమే ఎందుకంటే కొన్నవారి ఇంట్లో కూడా అది కొన్నాళ్లు ఉండాలి.

ఇక రకాలు. కొర్రలు, సామలు, ఊదలు, అరికెలు, అండుకొర్రలు ముందు. మన రాజేంద్రనగర్‌లోనే చిరుధాన్యాల పరిశోధన సంస్థ ఉంది, వండే తీరు అడిగేవారికి చెప్పడానికి సమాచారం దొరుకుతుంది. కినోవా, చియా వంటివాటికి ఒక్క అర చాలు. గానుగ నూనెల దగ్గర మాత్రం మీ వీధి వంట తెలుసుకోండి. ఆవకాయ రోజుల్లో కోస్తా నుంచి వచ్చినవారు పప్పునూనె అడుగుతారు, అంటే నువ్వుల నూనె. పక్కింటివారు పల్లీ నూనె అడుగుతారు. ఈ నగరంలో ఒకే అపార్టుమెంటులో ఇద్దరూ ఉంటారు, కాబట్టి మార్చి చివరికే రెండూ దించుకోండి. ఆవాలు, ఎండుమిర్చి కూడా అప్పుడే.

ఫిల్టరు తెరుస్తున్నాను. కాగితం అవును, రంగు ఎరుపు కాదు. మిగిలినవే ఆర్డరు. దీన్ని మీరు జూన్‌లో ఒకసారి మళ్లీ నడపాలి, వానలు మొదలయ్యాక పప్పులు నిలిచే రోజులు తగ్గుతాయి. చేసి చూపిస్తాను. పెసరపప్పు, 25 కిలోలు, వారానికి 3 కిలోల అమ్మకం, అంటే 58 రోజులు. నిలిచే రోజులు 120 ఉన్నప్పుడు రంగు లేదు. దాన్ని 60 చేస్తున్నాను. ఎర్రబడింది. పప్పు తీసేయనక్కర లేదు, బస్తా తగ్గించండి. 25 తీసి 10 కొడుతున్నాను, 23 రోజులు. రంగు పోయింది. సేవ్ చేసి ఆర్డరు పంపేస్తున్నాను.