చెన్నై నుంచి శాన్‌ఫ్రాన్సిస్కో: విమాన దూరం చూపే వెబ్‌సైట్లను ఎంతవరకు నమ్మవచ్చు?

అందరికీ నమస్కారం. రెండు విమానాశ్రయాల పేర్లు ఇస్తే దూరాన్నీ, ప్రయాణ సమయాన్నీ లెక్కగట్టి చూపే వెబ్‌సైట్లను ఈ వీడియోలో పరిశీలిస్తున్నాను. పరీక్షకు చెన్నై, శాన్‌ఫ్రాన్సిస్కోలను తీసుకున్నాను, ఎందుకంటే నిరుడు మా అమ్మగారు కావలి నుంచి మా చెల్లెలి ఇంటికి వెళ్లింది ఆ దారినే.

దూరం విషయంలో ఇవి నమ్మదగినవే. సుమారు 13,900 కిలోమీటర్లని చూపిస్తాయి. భూగోళం బొమ్మ మీద ఈ రెండు ఊళ్ల మధ్య దారాన్ని బిగించి పట్టుకుంటే వచ్చే అతి దగ్గరి దారి అది.

చిక్కంతా సమయంతోనే. ఆ దూరాన్ని గంటకు 900 కిలోమీటర్ల వేగంతో భాగించి, పదిహేనున్నర గంటలని చెప్పేస్తాయి. అమ్మగారు వెళ్లింది దుబాయ్ మీదుగా. చెన్నై నుంచి దుబాయ్‌కి దాదాపు 2,900 కిలోమీటర్లు, అక్కడి నుంచి శాన్‌ఫ్రాన్సిస్కోకు మరో 13,000 కిలోమీటర్లు, వెరసి 16,000కు దగ్గర. దుబాయ్, శాన్‌ఫ్రాన్సిస్కోల రేఖాంశాల మధ్య తేడా దాదాపు 178 డిగ్రీలు కనుక, వాటి మధ్య అతి దగ్గరి దారి ఉత్తర ధ్రువానికి చేరువగా పోతుంది. పటంలో పడమరకు కనిపించే ఊరికి విమానం ఉత్తరానికి బయలుదేరడం నాకు ఇప్పటికీ అబ్బురమే. గాలిలో ఉండే సమయమే మొదటి విమానంలో నాలుగు గంటలు, రెండోదానిలో పదహారు గంటల వరకు ఉంటుంది.

గాలి సంగతిని కూడా ఈ లెక్క పట్టించుకోదు. విమానాలు ఎగిరే ఎత్తులో పడమర నుంచి తూర్పుకు బలమైన జెట్ ప్రవాహాలు వీస్తాయి కాబట్టి, చెన్నై నుంచి లండన్ వెళ్లేటప్పుడు సుమారు 11 గంటలు పడితే, తిరిగి వచ్చేటప్పుడు 10 గంటలే పడుతుంది. వెబ్‌సైటులో మాత్రం రెండింటికీ ఒకే అంకె.

ఇక మన వైపు ప్రయాణం. నెల్లూరు నుంచే చెన్నై 175 కిలోమీటర్లు, కావలి ఇంకా 60 కిలోమీటర్ల ఇవతల ఉంది, పైగా విమానాశ్రయం నగరానికి అవతలి కొసన మీనంబాక్కంలో ఉంది. కారులో ఐదు గంటలు, విమానాశ్రయంలో మూడు గంటలు, దుబాయ్‌లో నిరీక్షణ, దిగాక ఇమిగ్రేషన్ వరుస, ఇవన్నీ కలిసి అమ్మగారికి ఇంటి నుంచి ఇంటికి 34 గంటలు పట్టింది. పదిహేనున్నర గంటలన్న అంకెను నమ్మి ఆమె షుగరు మాత్రలు రెండు పూటలకే చేతిసంచిలో పెట్టింది నేనే. మిగిలినవి చెకిన్ పెట్టెలో ఉండిపోయాయి, దుబాయ్‌లో మాత్ర వేళ దాటిపోయినా ఆమెకు ఆ పెట్టె చేతికి అందలేదు. ఆ సంగతి తలచుకుంటే నాకు ఇప్పటికీ బాధగానే ఉంటుంది.

అందుకే దూరానికి ఐదుకు నాలుగున్నర మార్కులు, సమయానికి రెండే ఇస్తున్నాను. మీరు వీటిని వాడేటప్పుడు చెన్నై–దుబాయ్, దుబాయ్–శాన్‌ఫ్రాన్సిస్కో అంటూ రెండు ముక్కలుగా అడగండి, ఆపైన రోడ్డు గంటలూ, నిరీక్షణ గంటలూ మీరే కలుపుకోండి. వచ్చే నెలలో నాన్నగారి ప్రయాణం ఉంది, ఈసారి రెండు రోజులకు సరిపడా మాత్రలు ఆయన చేతిసంచిలోనే పెడుతున్నాను.