ఒక్క వేలు చూపించిన చోటు

అధ్యక్షుల వారికి, తోటి వైద్యులకు, నర్సులకు నమస్కారం. మందుల గురించి మాట్లాడాలని కాగితం రాసుకొచ్చాను గానీ, ముందు ఒకామె సంగతి చెప్పనివ్వండి.

గర్భసంచి తీసిన ఏడాది తర్వాత కూడా అడ్డకోత కుడి చివర మంటగా ఉందనీ, సూదులు గుచ్చినట్టు గజ్జలోకి పాకుతోందనీ, బట్ట తగిలినా ఓర్చుకోలేకపోతున్నాననీ ఆమె చెప్పేది. ప్రతిసారీ ఒక్క వేలితో ఒకే చోటు చూపించేది. నేను ఆ వేలిని వదిలేసి స్కాన్ చూశాను. అందులో ఏమీ కనబడకపోతే, పేగులు లోపల అతుక్కుపోయాయేమోనని లాపరోస్కోపీ చేశాను, అంటే చిన్న రంధ్రాల గుండా కెమెరా పెట్టి చూశాను. నొప్పి తగ్గలేదు. చివరికి కేస్‌షీట్‌లో ‘మానసికం’ అని రాశాను.

జర్మన్ వైద్యుడు ఫానెన్‌స్టీల్ 1900లో వివరించిన ఆ అడ్డకోత చివరల దగ్గరగానే, పొత్తికడుపుకూ గజ్జకూ స్పర్శనిచ్చే ఇలియోఇంగ్వైనల్, ఇలియోహైపోగ్యాస్ట్రిక్ నరాలు వెళతాయి. కోతను పక్కలకు పొడిగించినప్పుడు నరం తెగవచ్చు, కుట్టులో బిగుసుకోవచ్చు, నెలలు గడిచాక మచ్చలో చిక్కుకోవచ్చు. లాపరోస్కోపీలో పొత్తికడుపు పక్కన పెట్టే రంధ్రాల దగ్గరా ఇదే ప్రమాదం.

దీన్ని అనుమానించడానికి 1926లో సర్జన్ కార్నెట్ చెప్పిన పరీక్ష చాలు. రోగిని వెల్లకిలా పడుకోబెట్టి, నొప్పి ఉన్న చోట వేలితో నొక్కి ఉంచి, తలా భుజాలూ పైకెత్తమనండి. బిగిసిన కండరం లోపలి అవయవాలకు అడ్డుపడుతుంది కనుక, అప్పుడు నొప్పి తగ్గితే కారణం లోపల ఉండవచ్చు. తగ్గకపోయినా, పెరిగినా పొట్ట గోడను అనుమానించాలి. హెర్నియాలోనూ, మచ్చలో పెరిగిన ఎండోమెట్రియోసిస్‌లోనూ (గర్భసంచి లోపలి పొర లాంటి కణజాలం బయట పెరగడం) ఇలాగే కావచ్చు కనుక వాటినీ వెతకాలి. మిత్రులారా, ఈ పరీక్షకు ఒక్క నిమిషం పడుతుంది, నేను ఆమెకు ఆ నిమిషం ఇవ్వలేదు.

ఇచ్చిన రోజున, అల్ట్రాసౌండ్‌లో చూస్తూ నరం చుట్టూ కొద్దిగా లిడోకెయిన్ అనే తిమ్మిరి మందు ఎక్కించాం. కొద్దిసేపటికే ఆమె పొట్ట పట్టుకోకుండా లేచి కూర్చుంది. ఆ ఉపశమనమే రోగనిర్ధారణకు బలమైన ఆధారం. కొందరికి ఇంజెక్షన్లు మళ్లీ మళ్లీ కావాలి, కొందరికి గాబాపెంటిన్, అమిట్రిప్టిలిన్ వంటి నరాల నొప్పి తగ్గించే మందులు తోడ్పడతాయి. వీటితో లొంగనప్పుడే నరం కోసే ఆపరేషన్ ఆలోచించాలి. ఆ చోట తిమ్మిరి మిగలవచ్చనీ, నొప్పి మళ్లీ రావచ్చనీ ముందే చెప్పాలి.

ఆమెకు మూడు ఇంజెక్షన్లు పట్టాయి. మొదటిది ఇచ్చిన రోజే, ఆమె ఎదుటే, కేస్‌షీట్‌లో ‘మానసికం’ అన్న మాటను కొట్టేసి, పక్కన నరం పేరు రాసి సంతకం పెట్టాను.