ముల్లు వణికితే మీటర్ మార్చేయకండి | పాత టాటా మొబైల్ స్పీడోమీటర్ రిపేర్ రివ్యూ

నమస్తే అండీ, తిరుపతి నుంచి మాట్లాడుతున్నాను. ఈరోజు రివ్యూ కొత్త బండి గురించి కాదు. ఇది టాటా మొబైల్ పికప్. 1988లో వచ్చిన మోడల్. మన ముందున్న బండి 90ల నాటిది, ఏపీ 03 నంబరు. సీజన్‌లో దామలచెరువు మండీకి మామిడికాయలు మోస్తుంది.

కంప్లైంట్ ఏమిటంటే, 40 దాటాక ముల్లు వణుకుతుంది. 30కి పడిపోతుంది, ఉన్నట్టుండి 60కి ఎగురుతుంది. ఇలాంటప్పుడు షాపుల్లో వినిపించే మాట ఒకటే, "మీటర్ పోయింది, కొత్తది వేసేయండి" అని. దయచేసి తొందరపడకండి. ఇన్నేళ్ల వాడకంలో ముందుగా అరిగేది చాలాసార్లు గేర్‌బాక్స్ నుంచి మీటర్‌కి వచ్చే కేబులే.

ఇదిగో, మీటర్ వెనకాల చూడండి. గేర్‌బాక్స్ దగ్గరి చిన్న పినియన్, అంటే పళ్ల చక్రం, ఈ కేబుల్‌లోని ఇన్నర్‌ని, అంటే లోపలి తీగని తిప్పుతుంది. ఆ ఇన్నర్ పై చివర మీటర్‌లోని ఒక అయస్కాంతాన్ని తిప్పుతుంది. దాని చుట్టూ అల్యూమినియం గిన్నె ఉంటుంది. రెండూ ఒకదానికొకటి తగలవు! అల్యూమినియం అయస్కాంతానికి అంటుకోదు కూడా. అయినా అయస్కాంతం తిరుగుతుంటే గిన్నెలో కరెంటు సుడులు పుట్టి, అవే దాన్ని లాగుతాయి. సన్నని స్ప్రింగ్ వెనక్కి పట్టి ఉంచుతుంది. ఆ రెండింటి మధ్య ముల్లు నిలబడుతుంది. ఒట్టో షుల్జ్ అనే జర్మన్ ఇంజనీర్ 1902లో పేటెంట్ తీసుకున్న పద్ధతి ఇది. బ్యాటరీ లేదు, వైరింగ్ లేదు. నాకు ఇప్పటికీ ఆశ్చర్యమే.

ఇప్పుడు తప్పు ఎక్కడుందో పట్టుకుందాం. ముల్లూ కదలక, కిలోమీటర్ల అంకెలూ కదలకపోతే కేబుల్ గానీ పినియన్ గానీ చూడాలి. అంకెలు తిరుగుతూ ముల్లు మాత్రం పడుకుంటే లోపం మీటర్‌లోనే. మన బండిలో రెండూ పనిచేస్తున్నాయి, ముల్లు మాత్రం ఎగురుతోంది. అంటే ఇన్నర్ ఎక్కడో పట్టేసి, మెలి తిరిగి, ఒక్కసారిగా వదులుతోంది. ఊడదీస్తే అదే కనబడింది. గ్రీజు ఎండిపోయింది, డ్యాష్‌బోర్డు వెనక ఔటర్, అంటే కేబుల్ పై తొడుగు, బాగా మడత పడింది.

కొత్త కేబుల్ కొనేటప్పుడు పాతది చేత్తో పట్టుకెళ్లండి. పొడవూ, రెండు చివర్లూ సరిపోలాలి. గ్రీజు ఇన్నర్‌కి కింది భాగంలోనే, అదీ పల్చగా రాయండి. మీటర్ వైపు చివర పొడిగా వదిలేయండి. ఎక్కువైతే గ్రీజు పైకి పాకి మీటర్‌లోకి చేరుతుంది. అప్పుడు ముల్లు తప్పు స్పీడు చూపిస్తుంది, శుభ్రం చేయడం పెద్ద పని. కేబుల్‌ని పెద్ద వంపుతోనే తిప్పండి.

ఫిట్టింగ్ అయ్యాక చంద్రగిరి దాటి చిత్తూరు రోడ్డు మీద ఫోన్ జీపీఎస్‌తో సరిచూశాం. రీడింగ్ పక్కన కూర్చున్నవాళ్లు చూడాలి, డ్రైవర్ కాదు. ఫోన్ లేకపోయినా పర్లేదు. ముల్లు 60 మీద నిలకడగా ఉంటే ఒక కిలోమీటరు రాయి నుంచి ఇంకో రాయికి 60 సెకన్లు పట్టాలి. మన ముల్లు ఇప్పుడు కదలకుండా నిలబడింది. ఈ రిపేర్‌కి నా మార్కులు పదికి తొమ్మిది.

మరి జీపీఎస్ డిజిటల్ మీటర్ వేసుకోవచ్చు కదా అంటారేమో. స్పీడు బాగానే చూపిస్తుంది. కానీ భాకరాపేట ఘాట్ లాంటి చోట, కొండ పక్కన సిగ్నల్ తడబడొచ్చు. పైగా పాత మీటర్‌లోని కిలోమీటర్లు బండి చరిత్ర. అసలు మీటరే బాగుపడనప్పుడు మాత్రమే అటు వెళ్లండి. వెళ్లేముందు పాత రీడింగ్ ఫోటో తీసి రికార్డులో రాసిపెట్టుకోండి.

ఇంకొక్క మాట. లోడు కోసం పెద్ద టైర్లు వేసి ఉంటే, కేబుల్ ఎంత కొత్తదైనా మీటర్ తక్కువే చూపిస్తుంది. టైరు చుట్టుకొలత 5 శాతం పెరిగితే ముల్లు 60 దగ్గరున్నప్పుడు బండి 63లో పోతుంటుంది. టైర్లు మార్చినవాళ్లు సైజు కామెంట్‌లో పెట్టండి, లెక్క కట్టి చెబుతాను.