చల్లటి ఇంజిన్ చూడకుండా అడ్వాన్స్ ఇవ్వకండి: పాత స్పోర్ట్స్ కార్ల మీద ఫోన్-ఇన్

యాంకర్: నమస్కారం. ఆదివారం ఫోన్-ఇన్ కార్యక్రమానికి స్వాగతం. ఈరోజు విషయం సెకండ్ హ్యాండ్ స్పోర్ట్స్ కార్లు. విజయనగరంలో ముప్పై ఏళ్లుగా కార్ల షెడ్డు నడుపుతున్న మేస్త్రి గారు మనతో ఉన్నారు. నమస్కారమండి మేస్త్రి గారూ.

మేస్త్రి: నమస్కారం. ఫోన్లు తీసుకునే ముందు ఒక్క మాట చెప్పేస్తాను. మన జిల్లాల్లో పిల్లలు స్పోర్ట్స్ కారు అని నా దగ్గరికి వచ్చి అడిగేవి పోలో జీటీ, అబార్త్ పుంటో, ఆక్టేవియా వీఆర్ఎస్, ఐ20 ఎన్ లైన్, ఇలాంటివి. కొత్తవి కొనలేక పాతవి చూస్తున్నారు. కొనుక్కోవచ్చు. కానీ కారు ధర తగ్గింది గానీ దాని సామాను ధర తగ్గలేదు. ఇంకోటి, చల్లటి ఇంజిన్ చూడకుండా ఎవరికీ అడ్వాన్స్ ఇవ్వకండి. ఈ గంటలో ఇదే మాట పదిసార్లు చెప్తాను, విసుక్కోకండి.

యాంకర్: మొదటి ఫోన్ చీపురుపల్లి నుంచి. చెప్పండి.

కాలర్ (చీపురుపల్లి): మేస్త్రి గారూ, ఐదు లక్షల్లో మంచి స్పోర్ట్స్ కారు ఏదండీ?

మేస్త్రి: ఇంట్లో ఇంకో కారు ఉందా బాబూ?

కాలర్ (చీపురుపల్లి): లేదండి. ఇదే మొదటిది.

మేస్త్రి: అమ్మానాన్నలను ఆసుపత్రికి తీసుకెళ్లాలన్నా ఇదే, పెళ్లికి వెళ్లాలన్నా ఇదే అన్నమాట. అయితే పేరు చూసి కొనకు. నీకు ముప్పై, నలభై కిలోమీటర్ల లోపు ఏ కంపెనీ సర్వీస్ సెంటర్ ఉందో ముందు అది చూడు. ఆ కంపెనీ బళ్లలో వెతుక్కో.

యాంకర్: ధన్యవాదాలండి. తర్వాత రాజాం నుంచి.

కాలర్ (రాజాం): నమస్తే సార్. నేను పైడిభీమవరంలో ఫార్మా కంపెనీలో చేస్తున్నాను సార్. రోజూ అప్ అండ్ డౌన్. మా మావయ్య కారులో వెళ్తుంటే ఒకసారి హైవే మీద మమ్మల్ని ఒక పోలో దాటిపోయింది సార్, ఇంటర్ చదివేటప్పుడు. అప్పట్నుంచీ అదే మనసులో ఉండిపోయింది. మొన్న ఆన్‌లైన్‌లో హైదరాబాద్‌లో ఒకటి కనిపించింది. పోలో జీటీ టీఎస్ఐ, ఎరుపు, 2015 మోడల్, 62 వేలు తిరిగింది. నాలుగు లక్షల ఎనభై చెప్తున్నారు. టోకెన్ అడ్వాన్స్ వేస్తే బండి ఆపుతామన్నారు. వేయొచ్చా సార్?

మేస్త్రి: బండి చూశావా?

కాలర్ (రాజాం): వీడియో పంపారు సార్. సూపర్ కండిషన్.

మేస్త్రి: వీడియోలో వాసన రాదు కదయ్యా. సరే, ఆ బండి గురించి చెప్తాను విను. 1.2 లీటర్ టర్బో పెట్రోల్, 105 హార్స్‌పవర్. చిన్న బండికి అది బాగా ఎక్కువే, అందుకే నీకు అంత నచ్చింది. ఇంజిన్ మంచిదే. భయం గేర్‌బాక్స్‌తో. అది ఏడు గేర్ల డీఎస్‌జీ, అంటే ఆటోమేటిక్, లోపల రెండు డ్రై క్లచ్‌లు, అంటే ఆయిల్‌లో మునగని క్లచ్‌లు ఉంటాయి. ట్రాఫిక్‌లో మెల్లమెల్లగా కదులుతూ, ఆగుతూ నడిస్తే ఆ క్లచ్‌లు వేడెక్కి అరుగుతాయి. దాన్ని నడిపించే మెకట్రానిక్స్ అనే యూనిట్ ఒకటి ఉంది. అది పోతే రిపేరు లక్ష దాటిపోవచ్చు. హైదరాబాద్ సిటీ ట్రాఫిక్‌లో తిరిగిన బండి అంటున్నావు. అందుకే అడుగుతున్నాను, చూశావా అని.

కాలర్ (రాజాం): మరి ఎలా తెలుస్తుంది సార్ గేర్‌బాక్స్ బాగుందో లేదో?

మేస్త్రి: నడిపితేనే తెలుస్తుంది. అరగంట నడపాలి, ఐదు నిమిషాలు కాదు. గేర్‌బాక్స్ వేడెక్కాక ట్రాఫిక్‌లో పెట్టు. యాక్సిలరేటర్ తొక్కకుండా బ్రేక్ మీంచి కాలు తీసి మెల్లగా కదలనివ్వు. ఒకటి నుంచి రెండుకు మారేటప్పుడు బండి వణికితే, కుదిపితే క్లచ్ అరిగింది. ఎత్తు మీద రివర్స్ పెట్టి చూడు. మీటర్ మీద గేర్ చూపించే అక్షరాలు మినుకుమంటే ఇంక మాట్లాడక్కర్లేదు, తిరిగి వచ్చేయ్. కారు కంప్యూటర్‌లో ఎర్రర్‌లు చదివే స్కానర్ పెట్టించు. పాత ఎర్రర్ కోడ్‌లన్నీ ఆ ఉదయమే చెరిపేసి ఉంటే అదీ అనుమానమే.

కాలర్ (రాజాం): సరే సార్. 62 వేలు అంటే తక్కువే కదా సార్?

మేస్త్రి: మీటర్ మాట నమ్మకు. ఛాసిస్ నంబరు తీసుకుని కంపెనీ సర్వీస్ సెంటర్‌లో సర్వీస్ చరిత్ర అడుగు. ఓనర్‌ను కూడా వెంట తీసుకెళ్తే చూపిస్తారు. మూడేళ్ల కిందటే 80 వేలు రాసుంటే ఇప్పుడు 62 ఎలా అవుతుంది? బ్రేక్ పెడల్ రబ్బరు చూడు, స్టీరింగ్ తోలు చూడు, డ్రైవర్ సీటు అంచు చూడు. అవి నున్నగా అరిగిపోయి ఉంటే మీటర్ వెనక్కి తిప్పినట్టే. టైరు పక్కన నాలుగు అంకెలు ఉంటాయి. 3521 అని ఉంటే 2021లో 35వ వారం తయారైందని. నాలుగు టైర్లకూ నాలుగు రకాల తేదీలు ఉంటే ఎందుకు మార్చారో అడుగు.

కాలర్ (రాజాం): అవన్నీ చూస్తాను సార్. మరి టోకెన్ వేసేయొచ్చు కదా సార్, పది వేలే అడుగుతున్నారు...

మేస్త్రి: ఇంతసేపు ఏం చెప్పాను నీకు? చల్లటి ఇంజిన్ చూడకుండా పది వేలు కాదు, వంద రూపాయలు కూడా ఇవ్వకు! రాత్రంతా ఆగి ఉన్న ఇంజిన్ చూడాలి. నువ్వు వస్తున్నావని తెలిసి ముందే స్టార్ట్ చేసి వేడి చేసి ఉంచుతారు. వెళ్లగానే బానెట్ మీద చెయ్యి పెట్టు. వెచ్చగా ఉంటే రేపు ఉదయం వస్తానని చెప్పు. చల్లటి ఇంజిన్ స్టార్ట్ చేసినప్పుడు వెనక ఒకరు నిలబడాలి. నీలం పొగ వస్తే ఆయిల్ కాలుతోంది. తెల్లపొగ ఆగకుండా వస్తుంటే ఇంజిన్‌ను చల్లబరిచే కూలెంట్ లోపలికి వెళ్లి కాలుతోంది. నల్లపొగ అయితే పెట్రోల్ ఎక్కువ పడుతోంది. మొదటి రెండు మూడు సెకన్లలో గలగలమని శబ్దం వస్తే రికార్డ్ చేసి మీ మెకానిక్‌కు పంపు. వేడి ఇంజిన్ ఇవన్నీ దాచేస్తుంది.

కాలర్ (రాజాం): సార్... అంటే... నేను నిన్న సాయంత్రం వేసేశాను సార్.

మేస్త్రి: ఏటి వేసేశావు?

కాలర్ (రాజాం): పది వేలు. వేరే పార్టీ వస్తున్నారు, ఇప్పుడే వేయాలి అన్నారు సార్. టెన్షన్‌లో వేసేశాను.

మేస్త్రి: ...సరే. అయిపోయింది. భయపడకు. నువ్వు ఒక్కడివే కాదు, నా దగ్గరికి ఇలా ఎంతమందో వస్తారు. ఇప్పుడు ఇలా చెయ్యి. ఈరోజే వాట్సాప్‌లో మెసేజ్ పెట్టు. బండి చూసి, నా మెకానిక్ చెక్ చేసి, బాగుంటేనే తీసుకుంటాను, లేకపోతే టోకెన్ వాపసు ఇవ్వాలి అని. వాళ్ల దగ్గర్నుంచి సరే అని జవాబు రప్పించుకో. ఆర్సీ ఫొటో అడిగి, నంబరు రవాణా శాఖ, పోలీసు చలానా వెబ్‌సైట్లలో కొట్టి, ఓనర్ పేరు, ఫైనాన్స్ ఉందో లేదో, చలానాలు ఎన్ని ఉన్నాయో చూసుకో. ఫోన్ ఎత్తడం మానేస్తే, అసలు బండే లేదని తేలితే వెంటనే 1930కి ఫోన్ చెయ్యి. సైబర్ నేరాల నంబరు అది. ఎంత తొందరగా చేస్తే డబ్బు ఆగే అవకాశం అంత ఎక్కువ. ఇంకో మాట అడుగుతాను, చెప్తావా? నీ దగ్గర మొత్తం ఎంత ఉంది?

కాలర్ (రాజాం): నాలుగు అరవై ఉంది సార్. మిగతా ఇరవై ఫ్రెండ్ దగ్గర తీసుకుంటాను.

మేస్త్రి: బాబూ, కోప్పడుతున్నానని అనుకోకు. అప్పు చేసి కొంటే మొదటి సర్వీస్‌కు డబ్బులుండవు. ఇన్సూరెన్స్ నీ పేరు మీదకి మార్చాలి, టైర్లు చూసుకోవాలి, ఆయిల్ మార్చాలి. నా లెక్క ఎప్పుడూ ఒకటే. చేతిలో ఉన్న డబ్బులో ఐదో వంతు రిపేర్లకు పక్కన పెట్టి, మిగతాదానికి బండి చూడు. నీకు మూడు లక్షల డెబ్బై దగ్గర బండి దొరకాలి. ఆ ధరకు పోలో జీటీ వస్తే అనుమానించు. బలేనో ఆర్ఎస్ అని 2017లో వచ్చింది, 1.0 లీటర్ టర్బో, మాన్యువల్ గేర్లు. మారుతి బండి కాబట్టి సర్వీస్ కోసం దూరం పోనక్కర్లేదు. పేరు పోలో అంత ఉండదు గానీ డ్యూటీకి రోజూ వెళ్లొస్తావు. ఆలోచించుకో.

కాలర్ (రాజాం): సరే సార్. హైదరాబాద్ వెళ్లి చూసొస్తాను సార్, వచ్చే ఆదివారం.

మేస్త్రి: ఒంటరిగా వెళ్లకు. మెకానిక్‌ను తీసుకెళ్లు. రైలు ఖర్చు, అతని కూలీ కలిపినా నువ్వు వేసిన టోకెన్ అంత కాదు.

యాంకర్: థాంక్యూ అండి. ఈ కాల్‌కు చాలా సమయం ఇచ్చాం, మిగతావాళ్లు క్లుప్తంగా అడగండి. టెక్కలి నుంచి.

కాలర్ (టెక్కలి): నమస్కారం అన్నయ్య గారూ. మా గుంటడు పోయినేడాది తన కారు అమ్మేసి ఇంకోటి కొన్నాడు. పాత కారు ఇంకా మా పేరు మీదే ఉందట, చలానా మెసేజ్‌లు మాకే వస్తున్నాయి. ఏం చెయ్యాలి?

మేస్త్రి: అమ్మా, ఇది చిన్న విషయం కాదు. ఆ కారు ఎవరినైనా గుద్దితే పరిహారం మీ మీద పడుతుంది. ఆర్సీలో ఎవరి పేరుంటే చట్టం దృష్టిలో వాళ్లే ఓనర్ అని 2018లో సుప్రీంకోర్టు చెప్పింది. మన రాష్ట్రంలోనే అమ్మితే 14 రోజుల్లో అమ్మినవాళ్లు రవాణా శాఖకు తెలపాలి. పేరు మార్పిడికి ఫారం 29, ఫారం 30 ఉంటాయి. రేపే వెళ్లండి. కొన్నవాళ్ల ఆధార్ కాపీ, అమ్మకం కాగితం ఉన్నాయా?

కాలర్ (టెక్కలి): కాగితం ఉందండి.

మేస్త్రి: బతికించారు. అది పట్టుకుని వెళ్లండి, కొన్నవాళ్లకూ ఫోన్ చేయండి. వింటున్నవాళ్లందరికీ చెప్తున్నాను. పేరు మారకుండా తాళాలు ఇవ్వకండి, తీసుకోకండి.

యాంకర్: ధన్యవాదాలమ్మా. బొబ్బిలి నుంచి చెప్పండి.

కాలర్ (బొబ్బిలి): సార్, ఒక మిలిటరీ ఆయన తన ఐ20 ఎన్ లైన్ రెండు లక్షలకే ఇస్తానంటున్నాడు. ట్రాన్స్‌ఫర్ అయిందట. బండి పార్సిల్‌లో పంపిస్తాడట, ముందు ట్రాన్స్‌పోర్ట్ డబ్బులు...

మేస్త్రి: ఇవ్వకండి. మోసం. ఐడీ కార్డు ఫొటో కూడా పంపించాడా?

కాలర్ (బొబ్బిలి): అవును సార్.

మేస్త్రి: పంపిస్తారు. ఎవరిదో కార్డు. ఎన్ లైన్ మన దగ్గర వచ్చిందే 2021లో, అది రెండు లక్షలకు ఎలా వస్తుంది? నంబరు బ్లాక్ చేయండి.

యాంకర్: ఇచ్ఛాపురం నుంచి.

కాలర్ (ఇచ్ఛాపురం): బరంపురంలో ఓడీ నంబరు, అంటే ఒడిశా బండి చవగ్గా వస్తోంది సార్. కొని మన నంబరుకు మార్చకుండా తిప్పుకోవచ్చా?

మేస్త్రి: బోర్డర్‌లో ఉన్నవాళ్లందరూ ఇదే అడుగుతారు. మన రాష్ట్రంలో 12 నెలలు దాటి ఉంచితే ఇక్కడ రిజిస్టర్ చేయాల్సిందే. దానికి అక్కడి ఆర్టీఓ నుంచి అభ్యంతరం లేదనే ఎన్ఓసీ కావాలి, ఫారం 28. లోన్ ఉంటే అది తీరినట్టు ఫారం 35. ఇక్కడ లైఫ్ ట్యాక్స్ కట్టాలి. ఆ ట్యాక్స్ ఎంతో బండి కొనకముందే రవాణా ఆఫీసులో అడిగి ధరలో కలుపుకోండి. అప్పుడు చవకో కాదో తేలుతుంది.

యాంకర్: పలాస నుంచి...

కాలర్ (పలాస): మేస్త్రి గారూ, వరదలో మునిగిన బండి ఎలా గుర్తుపట్టాలి? తిత్లీ తుఫాను అప్పుడు మా వీధిలో కార్లన్నీ...

మేస్త్రి: మంచి ప్రశ్న అడిగారు. 2015 డిసెంబరులో చెన్నై వరదలు వచ్చాయి కదా, ఆ తర్వాత మా బంధువు ఒకాయన అటు నుంచి వచ్చిన ఒక బండి కొన్నాడు. నన్ను అడిగాడు, నేను ఇంజిన్ చూసి బాగుంది అన్నాను. కార్పెట్ ఎత్తి చూడలేదు. ఆరు నెలల్లో వైరింగ్ అంతా పచ్చగా తుప్పు పట్టింది. నడుస్తుంటే హైవే మీద లైట్లు ఆరిపోయాయి. పిల్లలు ఉన్నారు బండిలో. ఏం కాలేదు, దేవుడి దయ. ఆ తప్పు నాది. అప్పట్నుంచి ముందు సీటు బెల్టు మొత్తం బయటికి లాగుతాను. లోపలున్న భాగం మీద బురద గీత ఉంటుంది, అది ఎవరూ కడగరు. సీటు కింద బోల్టులు, కార్పెట్ కింద రేకు, స్పేర్ టైరు గుంట చూడండి. హెడ్‌లైట్ల లోపల ఆవిరి ఉందేమో చూడండి. కారులో సెంటు వాసన మరీ గుప్పుమంటే అద్దాలు మూసి పది నిమిషాలు కూర్చోండి, కింద ఉన్న ముక్క వాసన బయటపడుతుంది. కొత్త బళ్లలో కంప్యూటర్లు ఎక్కువ కాబట్టి...

యాంకర్: హలో? పలాస లైన్ కట్ అయినట్టుంది. శ్రీకాకుళం, ఏడు రోడ్ల జంక్షన్ దగ్గర్నుంచి.

కాలర్ (శ్రీకాకుళం): అబార్త్ పుంటో కొనొచ్చా సార్? 145 హార్స్‌పవర్ అంట.

మేస్త్రి: నాకు ఇష్టమైన బండి అది. స్టీరింగ్ పట్టుకుంటే వదలబుద్ధి కాదు. కానీ ఫియట్ ఇక్కడ కార్లు అమ్మడం మానేసి చాలా ఏళ్లయింది. ఇంజిన్ సామాను ఎలాగో దొరుకుతుంది, బంపరో హెడ్‌లైటో పగిలితే నెలలు ఆగాలి. రెండో బండిగా అయితే కొనండి. ఒక్కటే బండిగా వద్దు.

యాంకర్: ఆఖరి ఫోన్. విజయనగరం కంటోన్మెంట్ నుంచి.

కాలర్ (విజయనగరం): అంకుల్, నేను చూసిన బండికి సౌండ్ ఎగ్జాస్ట్ వేశారు, రీమ్యాప్ కూడా చేశారంట. మంచిదేనా?

మేస్త్రి: వద్దమ్మా. రీమ్యాప్ అంటే పవర్ కోసం ఇంజిన్ కంప్యూటర్ సెట్టింగులు మార్చడం, అది చేసినవాడు ఇంజిన్‌ను ఎంత బాదాడో ఎవరికీ తెలియదు. ఆ సౌండ్‌కు పోలీసులు ఆపుతారు. మార్చిన సంగతి చెప్పకపోతే ఇన్సూరెన్స్ వాళ్లు క్లెయిమ్‌లో పేచీ పెడతారు. మార్చనిది, కంపెనీలోంచి వచ్చినట్టే ఉన్నది వెతుక్కో. పొద్దున్నే వెళ్లు. ఇంజిన్...

కాలర్ (విజయనగరం): చల్లగా ఉన్నప్పుడు చూడాలి అంకుల్, విన్నాను.

మేస్త్రి: అంతే తల్లీ.

యాంకర్: సమయం అయిపోయింది. మేస్త్రి గారికి, ఫోన్ చేసిన అందరికీ ధన్యవాదాలు. వచ్చే ఆదివారం ట్రాక్టర్ బ్యాటరీల గురించి. నమస్కారం.