తండ్రుల వంశరేఖలో చరిత్ర: వై క్రోమోజోమ్ ఏం చెబుతుంది?

[తెర మీద: తండ్రి నుంచి కొడుకుకు, అతని నుంచి మనవడికి సాగే ఒకే గీత]

వ్యాఖ్యానం: నమస్కారం. మన కణాలలోని క్రోమోజోములు చాలావరకు ప్రతి తరంలోనూ తమ జంటతో ముక్కలు ఇచ్చిపుచ్చుకుంటాయి. వై క్రోమోజోమ్ మాత్రం, రెండు కొసలను మినహాయిస్తే, ఆ మార్పిడిలో పాల్గొనకుండా తండ్రిలో ఉన్నది ఉన్నట్టుగా కొడుకుకు చేరుతుంది. అరుదుగా అందులో ఒక డీఎన్‌ఏ అక్షరం మారితే, ఆ మార్పు అతని కొడుకులకు, వారి కొడుకులకు చెరగని గుర్తుగా మిగులుతుంది. ఈ గుర్తులను వరుసగా పేర్చి శాస్త్రవేత్తలు పురుషుల వంశవృక్షాన్ని గీశారు. దాని శాఖలనే హాప్లోగ్రూపులు అంటారు. 2013లో వెల్లడైన ఏ00 అనే అతి పురాతన శాఖ కామెరూన్‌లోని ఎంబో ప్రజలలో కనిపించింది. వృక్షపు మొదటి చీలికలు ఆఫ్రికాలోనే ఉన్నాయి.

[తెర మీద: ఐస్లాండ్ పటం]

వై క్రోమోజోమ్‌ను ఒంటరిగా చదవడం కంటే, తల్లి నుంచి మాత్రమే సంక్రమించే మైటోకాండ్రియా (కణానికి శక్తినిచ్చే భాగాలు) డీఎన్‌ఏతో పోల్చి చదివినప్పుడే దాని విలువ తెలుస్తుందని నేను గట్టిగా నమ్ముతాను. ఐస్లాండ్‌లో తొలి స్థిరవాసుల పురుష వంశాలలో 75 నుంచి 80 శాతం స్కాండినేవియావి కాగా, స్త్రీ వంశాలలో సగానికి పైగా స్కాట్లాండ్, ఐర్లాండ్ ప్రాంతాలవి. ఒకే దీవికి తండ్రులు ఒక దిక్కు నుంచి, తల్లులు మరో దిక్కు నుంచి వచ్చారన్నమాట.

[తెర మీద: స్పెయిన్, పోర్చుగల్]

ఇంతకంటే ఆశ్చర్యం కలిగించేది ఐబీరియా ద్వీపకల్పం. 2019లో వెలువడిన ప్రాచీన డీఎన్‌ఏ అధ్యయనం ప్రకారం, సుమారు క్రీ.పూ. 2000 నాటికి అక్కడి జనాభా వంశపారంపర్యంలో దాదాపు 40 శాతం, స్టెప్పీ మైదానాల (తూర్పు ఐరోపా, మధ్య ఆసియాల గడ్డిభూముల) మూలాలు కలిగిన కొత్తవారిది. పురుష వంశాలు మాత్రం దాదాపు పూర్తిగా మారిపోయాయి. కాస్టిలేహో డెల్ బొనేటే అనే చోట ఒకే సమాధిలో దొరికిన ఇద్దరిలో పురుషునికి స్టెప్పీ మూలం ఉంది. స్త్రీ మాత్రం అంతకుముందు నుంచీ అక్కడున్న స్థానికుల వంశీయురాలు. ఇది దండయాత్ర వల్ల జరిగిందా, కొన్ని కుటుంబాల పురుషులకు సంపద, హోదా దక్కి వారి సంతానం పెరగడం వల్ల జరిగిందా అన్నది డీఎన్‌ఏ తేల్చలేదు. అందుకు పురావస్తు సాక్ష్యం కావాలి.

[తెర మీద: ఒక్కసారిగా గుబురుగా విచ్చుకునే కొమ్మలు]

2016లో 26 జనసమూహాలకు చెందిన 1,244 మంది పురుషుల వై క్రోమోజోములను పోల్చిన అధ్యయనంలో బ్రిటన్‌లోని తెలుగువారి నమూనాలు కూడా ఉన్నాయి. దక్షిణాసియాలో ఆర్1ఏ-జెడ్93 అనే శాఖ సుమారు 4,000 నుంచి 4,500 ఏళ్ల క్రితం అతి వేగంగా విస్తరించిందని అందులో తేలింది. కొద్దిమంది పురుషుల వారసులు కొన్ని తరాలలోనే విపరీతంగా పెరిగితే కొమ్మలు ఇలా గుబురుగా చీలుతాయి. ఆ శాఖ ఉన్న వ్యక్తి పూర్వీకులందరూ ఒకే చోటి నుంచి వచ్చారనుకోవడం పొరపాటు. పది తరాల వెనక్కి వెళితే వంశవృక్షంలో 1,024 స్థానాలు ఉంటాయి. మనకు వచ్చిన వై క్రోమోజోమ్ వాటిలో ఒక్క స్థానానికే చెందుతుంది. హాప్లోగ్రూప్ పేరు చూసి కులాన్నో భాషనో నిర్ధారించే వ్యాఖ్యలు ఎక్కడ కనిపించినా, మిగిలిన 1,023 స్థానాల గురించి అడగండి.