ఆ గెడ్డ ఎవరిదండీ? (రాజ్యాంగ దినోత్సవ సభలో ప్రసంగం)

సభాధ్యక్షులకు, వేదిక మీది పెద్దలకు, ద్వారకానగర్ గ్రంథాలయానికి పేపర్ చదువుకోడానికొచ్చి ఇవాళ మా కోసం కుర్చీలు సర్దుకున్న మిత్రులకు నమస్కారం. అందరి పేర్లూ చెబితే నాకిచ్చిన టైమ్ అక్కడే అయిపోతుంది, మన్నించండి.

నాకిచ్చిన అంశం కేంద్ర, రాష్ట్రాల అధికారాలు. రాజ్యాంగం ఏడో షెడ్యూల్లో మూడు జాబితాలున్నాయి. రక్షణ, రైల్వేలు, పెద్ద పోర్టులు కేంద్రానివి. పోలీసు, ప్రజారోగ్యం, స్థానిక పాలన రాష్ట్రానివి. అడవులు ఉమ్మడివి. 1976లో 42వ సవరణ వచ్చేదాకా అవి కూడా రాష్ట్రాల చేతిలోనే ఉండేవి.

విశాఖలో దీనికి పుస్తకం తెరవక్కర్లేదు. ఫిషింగ్ హార్బర్ నుంచి బోటు బయల్దేరితే పన్నెండు నాటికల్ మైళ్ల దాకా చేపల వేట రాష్ట్రం సంగతి, ఆపైన కేంద్రం సంగతి. అందుకే ఏటా ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా వేట ఆపాలంటే ఇద్దరూ ఎవరి ఉత్తర్వు వాళ్లే ఇవ్వాలి. ఇద్దరూ ఇస్తారు, వేట ఆగుతుంది. బాగానే ఉంది.

మూడో అంచె, అంటే ఊళ్ల, నగరాల పాలన దగ్గరే వచ్చింది తంటా. అధ్యక్షులవారు వాచీ చూస్తున్నారు, చూడనివ్వండి.

మా కాలనీ వెనక ఒక గెడ్డ ఉంది. కొండ మీంచి దిగి, రైలు పట్టాల కింద తూములోంచి దూరి, హైవే దాటి సముద్రం వైపు పోతుంది. తూము పూడిపోతే వాన నీళ్లు మా ఇళ్లలోకే. ఒక ఆఫీసుకి వెళ్లాం. "గెడ్డ మాదే, తూము మాది కాదు" అన్నారు. రెండో ఆఫీసులో "తూము మాదే, అందులో చెత్త మీ ఊరిది" అన్నారు. మూడో ఆఫీసాయన "రోడ్డు మీద నీళ్లు నిలిస్తే చెప్పండి" అన్నాడు. నిలిచాయి, చెప్పాం. "అవి పైనుంచి వచ్చిన నీళ్లు కదండీ" అన్నాడు! నవ్వకండి, మీ కాలనీలోనూ ఇదే కథ. మా పక్కింటి మామ్మగారు అడిగారు: "బాబూ, ఓట్లకొచ్చినప్పుడు అందరూ మాదే అన్నారు కదేటి?"

పోనీ కార్పొరేటర్ని అడుగుదామా? 2012లో మన నగరపాలక కౌన్సిల్ గడువు తీరింది. మళ్లీ ఎన్నికలు 2021 మార్చిలో. అయిదేళ్ల గడువు ముగిసేలోపే ఎన్నికలు జరగాలని పట్టణ పాలన కోసం తెచ్చిన 74వ రాజ్యాంగ సవరణ చెబుతోంది. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుపాను వచ్చింది. హెచ్చరిక కేంద్ర వాతావరణ శాఖది, జనాన్ని ఖాళీ చేయించింది రాష్ట్ర యంత్రాంగం. ఊరంతా చెట్లు కూలి పడున్న ఆ వారంలో మా వార్డుకి ఎన్నికైన మనిషే లేడు. ఎవర్ని నిలదీయాలి?

అదే సవరణతో వచ్చిన పన్నెండో షెడ్యూల్లో పట్టణాలకు 18 పనులు రాశారు. వాటిని అప్పగించడం మాత్రం రాష్ట్ర శాసనసభ ఇష్టానికి వదిలేశారు. నగర ప్రణాళిక అందులో మొదటిది. ఇక్కడ మాస్టర్ ప్లాన్ వేసేది వీఎంఆర్‌డీఏ, అంటే విశాఖ మహానగర ప్రాంత అభివృద్ధి సంస్థ, మనం ఓటేసి ఎన్నుకోని సంస్థ. కేంద్రం పన్నుల మీద అదనంగా వేసే సెస్సులు, సర్‌చార్జీలు రాష్ట్రాలకు పంచే పన్నుల్లో కలవవని మన నాయకులు ఢిల్లీ మీద కేకలేస్తారు. న్యాయమే, నేనూ చప్పట్లు కొడతాను. కానీ మీరు అక్కడ అడుగుతున్నది మాకు ఇక్కడ ఎందుకివ్వరండీ? ఢిల్లీ దగ్గర చెయ్యి చాపే రాష్ట్రం నగరం దగ్గరికొచ్చేసరికి గుప్పిట బిగిస్తే ఎలా?

చెప్పాల్సినవి ఇంకా ఉన్నాయి, జీఎస్టీ కౌన్సిల్ గురించి కూడా రాసుకొచ్చాను, వదిలేస్తున్నా. బయట టీ బల్ల పక్కన ఒక అర్జీ పెట్టాను. మూడు ఆఫీసుల ఇంజనీర్లూ ఒకే రోజు, ఒకేసారి ఆ తూము దగ్గరికి రావాలని అందులో అడిగాం, అంతే. టీ తాగే ముందు సంతకం పెట్టండి. వార్డు నంబరు కూడా వేయండి, లేదంటే మా పరిధి కాదని తిప్పి పంపిస్తారు.