సౌనా హీటర్ ఎన్నో నిమిషంలో ఆగుతోంది? రెండేళ్ల వాడకం తర్వాత రివ్యూ

నమస్కారం. ఇంట్లో పెట్టుకునే సౌనా, అంటే వేడితో చెమట పట్టించే చెక్క గది మీద రివ్యూలు చాలానే ఉన్నాయి. చెక్క గది ఎంత బాగుంది, వేడి ఎంత హాయిగా ఉంది అని చూపిస్తారు. ఈ వీడియోలో నేను చూపించేది హీటర్ లోపలి సంగతి. అమెరికాలో బేస్‌మెంట్‌లో సౌనా పెట్టించుకున్న మనవాళ్లు ఎక్కువగా అడిగే ప్రశ్న ఒక్కటే. బ్రేకర్ ట్రిప్ అవుతోంది, కొత్త హీటర్ కొనాలా? చాలా సందర్భాల్లో అక్కర్లేదు. కంపెనీ పేరు చెప్పడం లేదు, ఎందుకంటే నేను చెప్పబోయే సమస్యలు ఏ బ్రాండుకైనా వస్తాయి.

స్క్రూడ్రైవర్ పట్టుకునే ముందు గడియారం చూడండి. స్విచ్ వేసిన ఎన్ని నిమిషాలకు ఆగింది? సగం జవాబు అందులోనే ఉంటుంది.

ఇది 6 కిలోవాట్ల హీటర్. వేడిని పట్టి ఉంచే రాళ్ల మధ్య ఒక్కొక్కటి 2 కిలోవాట్ల చొప్పున మూడు రాడ్లు ఉన్నాయి. 240 వోల్టుల మీద 25 ఆంపియర్లు లాగుతుంది.

వేసిన వెంటనే, లేదా రెండు మూడు నిమిషాల్లోనే ట్రిప్ అయితే ముందుగా అనుమానించాల్సింది చెమ్మను. రాడ్ లోపల తీగ చుట్టూ మెగ్నీషియం ఆక్సైడ్ పొడి దట్టించి ఉంటుంది. వానాకాలంలో ఉప్పు చెమ్మగిల్లినట్టు ఆ పొడి గాలిలోని తేమను పీల్చుకుంటుంది. వేసవి అంతా వాడకుండా వదిలేసి చలి మొదలవగానే స్విచ్ వేస్తే, ఆ తేమ గుండా కొద్దిగా కరెంటు ఎర్త్‌కు లీకవుతుంది. ఇలాంటి లీకేజీని కనిపెట్టే జి.ఎఫ్.సి.ఐ. బ్రేకర్ దాన్ని పసిగట్టి వెంటనే ఆపేస్తుంది. దాని పని అది సరిగ్గానే చేసింది. హీటర్ కూడా చెడిపోలేదు.

అందుకే చాలా హీటర్ల మాన్యువల్‌లో ఈ రకం బ్రేకర్ మీద కలపవద్దని రాసి ఉంటుంది. అలాగని మీరే తీసేయకండి. మాన్యువల్ ఎలక్ట్రీషియన్‌కు చూపించండి, మీ ఊరి నిబంధనలు ఆయనకు తెలుస్తాయి. ఆయన మెగ్గర్ అనే మీటర్ పెట్టి, కరెంటు బయటికి లీకవకుండా రాడ్ ఎంత అడ్డుకుంటోందో, అంటే ఇన్సులేషన్ చూస్తారు. రీడింగ్ కాస్త తక్కువగా ఉంటే చెమ్మే, ఆయన దగ్గరుండి నాలుగైదుసార్లు వేడెక్కిస్తే పోతుంది. రీడింగ్ దాదాపు సున్నా అయితే రాడ్ పైతొడుగు చిట్లిందని అర్థం, ఆ రాడ్ మార్చాల్సిందే. వేసవిలో కూడా నెలకోసారి అరగంట వేసి ఉంచితే ఈ తలనొప్పే ఉండదు. హైదరాబాద్‌లో విల్లాల్లో పెట్టించుకున్నవారికి ఒక మాట. ఇల్లంతటికీ కలిపి ఒకే ఆర్.సి.సి.బి. (లీకేజీని పసిగట్టి కరెంటు ఆపే స్విచ్) ఉంటే, సౌనాలో లీకేజీకి ఇంట్లో లైట్లన్నీ ఆరిపోతాయి. అప్పుడు అందరూ ఫ్రిజ్‌నూ గీజర్‌నూ అనుమానిస్తారు!

ఇరవై, ముప్పై నిమిషాలు బాగా నడిచి ఆ తర్వాత ఆగితే కథ వేరు. ఇక్కడ నాకు నిజంగా భయం వేస్తుంది. ఇదిగో, మెయిన్ బ్రేకర్ ఆపి, టెస్టర్‌తో కరెంటు లేదని చూసుకున్నాకే ఈ మూత తీశాం. ఎడమవైపు స్క్రూ చూడండి. పక్క స్క్రూలు మెరుస్తున్నాయి, ఇది గోధుమ రంగుకు తిరిగింది. తీగ మీద ప్లాస్టిక్ అంగుళం మేర గట్టిపడి పగుళ్లిచ్చింది. స్క్రూ వదులైతే ఆ చోట తీగ వేడెక్కుతుంది, వేడెక్కేకొద్దీ ఇంకా వదులవుతుంది. దీన్ని ఊరికే బిగించి వదిలేయకూడదు. కాలిన ముక్క కత్తిరించి, టెర్మినల్ మార్చి, కంపెనీ చెప్పిన బిగువుతో బిగించాలి. హీటర్‌కు వచ్చే తీగ కూడా వేడికి తట్టుకునే రకమే కావాలి, మామూలు పి.వి.సి. తీగ పెళుసెక్కి విరిగిపోతుంది. బ్రేకర్ చిన్నదైనా ఇలాగే ఆగుతుంది. 25 ఆంపియర్ల హీటర్‌ను 30 ఆంపియర్ల బ్రేకర్ మీద గంటల తరబడి నడపకూడదు. దీనికి 40 ఆంపియర్లది, 8 గేజ్ రాగి తీగ వేశారు. తీగ మార్చకుండా బ్రేకర్ మాత్రం పెద్దది వేయిస్తే ఇంటికి నిప్పు పెట్టుకున్నట్టే. దయచేసి ఆ పని చేయకండి.

ట్రిప్ కావడం లేదు కానీ గది వేడెక్కడం లేదంటే ఒక రాడ్ పోయి ఉంటుంది. కరెంటు పూర్తిగా ఆపాక, ప్రతి రాడ్‌కూ ఒక తీగ విడదీసి మల్టీమీటర్‌తో చూస్తే మంచి రాడ్ 29 ఓమ్‌ల దగ్గర చూపిస్తుంది. తెగిపోయిన రాడ్‌లో రీడింగే రాదు.

అసలు ఉలుకూ పలుకూ లేకపోతే, బ్రేకర్ కూడా పడకపోతే, అతివేడి రక్షణ స్విచ్ ఆపేసి ఉంటుంది. ఈ హీటర్‌లో రీసెట్ బటన్ అడుగున ఉంది. చల్లారాక ఒక్కసారి నొక్కండి. మళ్లీ ఆగితే మళ్లీ మళ్లీ నొక్కవద్దు, రాళ్లు తీసి చూడండి. సందు లేకుండా కుక్కితే, లేదా పగిలిన ముక్కలు రాడ్ల మధ్య ఇరుక్కుంటే, గాలి ఆడక వేడి అక్కడే నిలిచిపోతుంది. ఏడాదికోసారైనా రాళ్లన్నీ దించి, పొడైనవి పారేసి, వదులుగా పేర్చాలి.

ఈ హీటర్‌కు నేనిచ్చే మార్కులు 10కి 7. టెర్మినల్ పెట్టె విశాలంగా ఉంది, చెయ్యి సులువుగా పడుతుంది. రాడ్లు విడిగా అమ్ముతారు, అది పెద్ద మేలు. వైరింగ్ బొమ్మ మాత్రం భూతద్దం పెడితే తప్ప కనిపించదు. రీసెట్ బటన్ కోసం నేల మీద పడుకుని వెతకాలి, మోకాళ్ల నొప్పులున్న పెద్దవాళ్లు వాడే ఇంట్లో ఇది చిన్న లోపం కాదు. వచ్చే వీడియోలో రాడ్ మార్చడం మొదటి నుంచి చివరి దాకా చూపిస్తాను.